నల్లపిల్లే కావాలన్నాను

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ భూమ్మీద ఒంటి రంగు గురించి ఇంతగా పట్టించుకునేది మన తెలుగువాళ్ళేననీ, అందులోనూ పెళ్ళికొడుకుల తల్లులేననీ అనుకునేదాన్ని. చదువు పూర్తి చేసి, హెచ్-వన్ వీసా తెచ్చుకుని, మిషిగన్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పనిలో కుదురుకున్నాను. నా బతుకేదో నేను బతుకుతున్నా సరే, వారాంతం వచ్చేసరికి అమెరికాలో ఏదో ఒక మూల ఎవరో ఒక ఆంటీ నా ఫోటోని ఫోన్‌లో రెండు వేళ్ళతో సాగదీసి చూస్తూనే ఉండేది. (సాగదీస్తే మొహం పెద్దదవుతుంది గానీ తెల్లబడదని వాళ్ళకెవరూ చెప్పలేదనుకుంటాను.) కుక్కల లోకంలో అడుగుపెట్టాకే నా అజ్ఞానం నాకు తెలిసింది. అక్కడ కూడా ఇదే గొడవ. కాకపోతే తలకిందులుగా.

అప్పట్లో నేను బాబాయ్, పిన్నిల దగ్గర ఉండేదాన్ని. బాబాయ్ అంటే మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. కొల్లేటి అంచున పుట్టి, నడక కంటే ముందు ఈత నేర్చుకున్నానని చెప్పుకునే మనిషి. ట్రాయ్‌లో ఇంజనీరుగా స్థిరపడి, ఇల్లు కొని, ఇరవై ఏళ్ళపాటు తోటి తెలుగువాళ్ళలాగే గడ్డి కోసుకుంటూ బుద్ధిగా బతికాడు. ఆ తరవాత పక్కింటి అమెరికన్‌తో స్నేహం కుదిరి బాతుల వేట మరిగాడు. ఆ పక్కింటాయనకి ఛాతీ దాకా తెల్లటి గడ్డం ఉండేది కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు గడ్డం అంకుల్. బాబాయ్ లైసెన్సు తీసుకున్నాడు, తుపాకీ కొన్నాడు, ఆకులూ కొమ్మలూ అచ్చువేసిన చొక్కా కొన్నాడు. అన్నీ ఉన్నాయి, గురి ఒక్కటే లేదు. ఆయన తుపాకీ పేలిస్తే బాతులు భయపడి ఎగిరిపోయేవి కావట, ఎవరా అన్నట్టు తిరిగి చూసేవట. ఇది గడ్డం అంకుల్ చెప్పిన మాట.

అయినా ఆ బృందంలో బాబాయ్‌కి మంచి గౌరవం ఉండేది. కారణం ఏమిటంటే, వాళ్ళ ముసలి వేటకుక్క చనిపోయాక నీళ్ళలో పడ్డ బాతుల్ని ఎవరు తేవాలన్న సమస్య వచ్చింది. ఆ చలిలో, ఆ బురదలో దిగడానికి ఒక్క అమెరికన్ కూడా ముందుకు రాలేదు. కొల్లేటి బిడ్డ ఊరుకుంటాడా? ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని, రెల్లు గడ్డిని చీల్చుకుంటూ వెళ్ళి, పడ్డ బాతునల్లా మెడ పట్టుకుని తెచ్చి ఇచ్చేవాడు. రెండు సీజన్లు అలాగే గడిచాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ బృందంలో కుక్క మా బాబాయే. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనలేదు గానీ, ఆయనే నవ్వుతూ అనేవాడు. ఆఫీసులో ఎవరూ ఆయన్ని భోజనానికి పిలిచేవారు కాదు, తెలుగు పార్టీల్లో ఆస్తుల గురించి తప్ప మాట్లాడేవారు కాదు. ఆ రెల్లు చాటున మాత్రం ఆయన కోసం ముగ్గురు మనుషులు కాఫీ పట్టుకుని ఎదురుచూసేవారు. అందుకే, మోకాలు వాచి డాక్టరు "ఇక బురదలో దిగడాలు బంద్" అని చెప్పిన రోజు బాబాయ్ మొహంలో కనిపించినది మోకాలి నొప్పి కాదు.

"కుక్క కావాలి," అన్నాడు ఇంటికొచ్చి. "మంచి లాబ్రడార్ పిల్లని తెచ్చి ట్రైన్ చేస్తాను. కుక్క ఉంటే నేనూ ఉంటాను. లేకపోతే నన్నెందుకు పిలుస్తారే అక్కడికి, నా షూటింగ్ చూడ్డానికా?"

పిన్ని వరంగల్ మనిషి. శనివారం ఇంట్లో నీచు ముట్టనివ్వదు. బాతులకి గరాజ్‌లో వేరే ఫ్రిజ్ పెట్టించింది. కుక్క అనగానే ఆవిడ మొహం కూడా మారిపోయింది. కానీ మోకాలి పట్టీ కట్టుకుని సోఫాలో కూలబడ్డ మొగుణ్ణి చూసి, "తెస్తే తెండి, నా పూజగది దిక్కు మాత్రం రావద్దు," అని ఊరుకుంది.

నిజానికి అప్పుడు పిన్ని దృష్టంతా నా సంబంధం మీద ఉంది. జార్జియాలో కమ్మింగ్ అనే ఊరి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిదీ హెచ్-వన్, అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. వీడియో కాల్‌లో అబ్బాయీ నేనూ బాగానే మాట్లాడుకున్నాం. నాకు నచ్చాడు కూడా. (ఇది ఇప్పటికీ ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది.) వాళ్ళమ్మగారు మర్నాడు పిన్నికి ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "అమ్మాయి ఫోటోలో లైటింగ్ తక్కువైనట్టుందండీ, పగలు తీసిందేమైనా ఉంటే పంపుతారా?" అని అడిగారు. పిన్ని నన్ను పెరట్లో నిలబెట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోటో తీసింది. కళ్ళు మూతబడి, నుదురు చిట్లి, ఎవరో కొట్టబోతే తప్పించుకుంటున్నట్టు వచ్చాను. రంగు మాత్రం ఎలా ఉందో అలాగే వచ్చింది. ఎండ తన వంతు పని తాను చేసింది, పాపం.

సరిగ్గా ఆ వారంలోనే గడ్డం అంకుల్ మా ఇంటికి వచ్చి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, పిన్ని చేసిన సకినాలు నములుతూ, లాబ్రడార్ల గురించి ఉపన్యాసం ఇచ్చారు. వాటిలో మూడు రంగులుంటాయట. నలుపు, చాక్లెట్, ఇంకోటి పేరుకి ఎల్లో గానీ చూడ్డానికి గోధుమరంగు. చాక్లెట్‌వి మొండివట, గోధుమరంగువి సోకులకి తప్ప పనికి రావట. "పని చెయ్యాలంటే నలుపే. మా నాన్న నల్లదాన్నే పెంచాడు, మా తాత నల్లదాన్నే పెంచాడు. వేరే రంగు మాట ఎత్తకు," అని బాబాయ్ భుజం మీద చరిచి చెప్పారు.

నేను పప్పు వడ్డించుకుంటున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. నలుపు కావాలని, నలుపు మాత్రమే కావాలని, తాతముత్తాతల మీద ఒట్టేసినట్టు ఒక మనిషి చెప్పగా నా జీవితంలో వినడం అదే మొదటిసారి. ఆయన గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆయన వెళ్ళగానే పిన్ని అందుకుంది. "ఏందండి గది? నల్లకుక్కను ఎట్ల తెస్తరు? ఇంట్ల పెండ్లి కావాల్సిన పిల్ల ఉన్నది. తెల్లదో, గోధుమదో తెండి. పొద్దుగాల లేస్తె కండ్లకు జర మంచిగ కనపడాలె."

ఆవిడ నా మంచి కోసమే అంది. అందులో ఆవగింజంత అనుమానం కూడా లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. నా గురించి చెడుగా అనేవాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు గానీ, నా కోసం ఉపవాసాలుండే మనిషి మీద ఏం కోపం తెచ్చుకోను? ఆ రాత్రి అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. బాబాయ్ మాత్రం కంచం ముందు నుంచి లేస్తూ, "అమ్మడూ, నాకు సెలెక్షన్ చేతకాదు. నువ్వొచ్చి ఎంచు," అన్నాడు.

శనివారం బాబాయ్, నేను, గడ్డం అంకుల్ ముగ్గురం బయల్దేరి ఉత్తరంగా వెళ్ళాం. ఆయన కూడా ఒక పిల్లని తీసుకోవాలట, కూతురి కోసం. ఆవిడకి వేటతో సంబంధం లేదు. క్రీమ్ రంగు సోఫా కొన్నదట, దాని మీద వెంట్రుకలు రాలినా కనపడకూడదు కాబట్టి గోధుమరంగుదే తెమ్మని తండ్రికి గట్టిగా చెప్పింది. ఊళ్ళు దాటి, మంచు ఇంకా కరగని పొలాలు దాటి, ఒక పాత కొట్టం ముందు ఆగాం. కుక్కల్ని పెంచే ఆవిడ బూట్లతో, విసుగుతో ఎదురొచ్చింది. లోపల గడ్డిపరుపు మీద పిల్లలు కుప్పగా పడి ఉన్నాయి, మూడు రంగుల్లోనూ. తల్లి నలుపు, తండ్రి కూడా నలుపేనట. ఈ విషయం గడ్డం అంకుల్ సిద్ధాంతాన్ని అక్కడికక్కడే కూల్చేయాల్సింది గానీ, ఆయన పట్టించుకోలేదు.

"పనికి ఏ రంగు మంచిది?" అని బాబాయ్ వినయంగా అడిగాడు.

ఆ ప్రశ్న ఆవిడ ఎన్నిసార్లు విన్నదో ఆ నిట్టూర్పులోనే తెలిసిపోయింది. "రంగు ముఖ్యమైతే, వచ్చిన దారిలో పెయింట్ షాపుంది, అక్కడ ఆగాల్సింది," అంది. ఆ తరవాత కాస్త మెత్తబడి, చూడాల్సినవేమిటో చెప్పింది. తల్లీ తండ్రీ నీళ్ళలో పనిచేస్తాయా అని చూడాలట. వాటి తుంటి ఎముకలు, కళ్ళు పరీక్ష చేయించారా అని అడగాలట. ఆపైన పిల్ల ఎలాంటిదో చూడాలట. చప్పుడైతే బెదురుతుందా, మనిషి వెంట వస్తుందా, దేన్నైనా నోట పట్టుకుని మోయాలని ఆరాటపడుతుందా అని. రంగు సంగతి చిట్టచివరట. చెప్పి ఊరుకోకుండా ఒక స్టీలు గిన్నె తీసుకుని నేలకేసి కొట్టింది. పిల్లలన్నీ అదిరిపడి చెల్లాచెదురయ్యాయి. ఒక గోధుమరంగు ఆడపిల్ల మాత్రం వెంటనే వెనక్కి తిరిగి వచ్చి గిన్నెని వాసన చూసి, అందులో ఏమీ లేదని తెలుసుకుని, గిన్నెనే ఈడ్చుకుపోబోయింది. పాత సాక్సు విసిరితే అదే పరుగెత్తి తెచ్చి ఆవిడ బూటు మీద పడేసింది.

ఒక నల్ల ఆడపిల్ల నీళ్ళతొట్టి వెనక నక్కింది. చప్పుడు ఆగి చాలాసేపయినా బయటికి రాలేదు. సాక్సు దాని ముందు పడితే, ఇది నాకెందుకు విసిరారన్నట్టు దిగులుగా చూసింది. అందరూ ఆ గోధుమరంగు పిల్ల చుట్టూ మూగి మురిసిపోతున్నారు. గడ్డం అంకుల్ సోఫా సంగతి తలుచుకుని దాన్ని ఎత్తుకున్నారు కూడా. నేను తొట్టి వెనక్కి వెళ్ళి ఆ నల్లదాన్ని తీశాను. అది వణుకుతూ నా కోటు లోపలికి మూతి దూర్చేసింది.

"ఇదే," అన్నాను.

"ఆ ఇంకో నల్లది ఉంది చూడు, అది కొంచెం చురుగ్గా..." అని కుక్కలావిడ ఏదో చెప్పబోయింది.

"ఇదే కావాలి. బ్లాక్ వన్. ఇదే," అన్నాను మళ్ళీ, ఎవరో లాక్కుపోతున్నట్టు. నాకు అప్పుడు కనిపిస్తున్నది కుక్కపిల్ల కాదు. పెరట్లో ఎండలో కళ్ళు మూసుకుని నిలబడ్డ ఒక మనిషి.

బాబాయ్ పిల్లని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పిల్లని చూశాడు. "నెమ్మదస్తురాలు. ఆలోచించే రకంలా ఉంది," అని ఆవిడతో ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ భుజాలెగరేసింది.

దానికి కాటుక అని బాబాయే పేరు పెట్టాడు. గడ్డం అంకుల్ "కటూకా" అని, అదేదో జపాన్ మాటనుకుని ఎంతో గౌరవంగా పిలిచేవారు. పిన్ని వారం రోజులు దాన్ని కన్నెత్తి చూడలేదు. అది మాత్రం ఇంట్లో ఇంతమంది ఉండగా పిన్నినే ఎంచుకుంది. ఆవిడ ఎటు వెళ్తే అటు, కొంగు పట్టుకున్న పసిపిల్లలా వెంట తిరిగేది. కొన్నాళ్ళకి వంటింట్లోంచి "పక్కకు జరుగు, కాలికి అడ్డమొస్తవేందే" అనే మాటలు వినపడసాగాయి. ఆ గొంతులో కోపం రోజురోజుకీ పల్చబడింది.

ఇక శిక్షణ. మంచు కరిగి, నీళ్ళు కాస్త వెచ్చబడ్డాక, ఊరి పార్కులో చెరువుకి తీసుకెళ్ళాం. బాతుకి బదులుగా విసరడానికి గుడ్డతో కట్టిన చిన్న దిండులాంటిది ఒకటి ఉంటుంది, డమ్మీ అంటారు. బాబాయ్ దాన్ని నీళ్ళలోకి విసిరి, "ఫెచ్!" అన్నాడు. కాటుక చెరువుని చూసింది, దిండుని చూసింది, బాబాయ్‌ని చూసింది, గట్టు మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. కాలి గోరు తడిసినా ఒప్పుకోలేదు. పుస్తకంలో రాసినట్టు లాలించాం, ముద్ద పెట్టాం, వేరే కుక్కల్ని చూపించాం. చివరికి బాబాయ్, డాక్టరు మాట పక్కనపెట్టి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి నీళ్ళలో దిగి, దిండుని స్వయంగా పళ్ళతో పట్టుకుని తెచ్చి చూపించాడు. కాటుక తోక ఊపింది. ఆయన మళ్ళీ విసిరాడు, మళ్ళీ ఆయనే తెచ్చాడు. అది ఇంకా సంతోషంగా తోక ఊపింది. నడకకి వచ్చిన ఒక ముసలి జంట ఆగి, కాసేపు చూసి, "మీరు బాగా నేర్పారమ్మా," అని నన్ను మెచ్చుకుని వెళ్ళారు. కాటుకని ఉద్దేశించి కాదు.

నీళ్ళ సంగతి అలా ఉంటే, చప్పుళ్ళ సంగతి మరీ ఘోరం. వేటకుక్కకి తుపాకీ చప్పుడు దూరం నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా అలవాటు చేయాలి. బాబాయ్ ఎక్కడో వీధి చివర బొమ్మ పిస్తోలు పేలిస్తే, ఇక్కడ ఇంట్లో కాటుక మాయం. ఇల్లంతా వెతికితే బియ్యం బస్తా వెనక దొరికేది, ఒక్కోసారి, ఇంకా దారుణంగా, పూజగదిలో, దేవుడి పీట కింద. మొదటిసారి పిన్ని కెవ్వుమంది. రెండోసారి చూసి ఏమీ అనలేదు. మూడోసారికి అక్కడ పాత చీర ఒకటి మడతపెట్టి పరిచి ఉంది. విచిత్రం ఏమిటంటే, కుక్కర్ కూతకి మాత్రం అది బెదిరేది కాదు, పరుగెత్తుకొచ్చేది. బాబాయ్‌కి అదొక ఆశాకిరణంలా కనిపించింది. కుక్కర్ కూయగానే పెరట్లో పిస్తోలు పేల్చడం మొదలుపెట్టాడు, రెండూ ఒకటేనని దానికి నమ్మకం కలిగించాలని. కొన్నాళ్ళకి కాటుకకి ఆ నమ్మకం కలిగింది. అప్పట్నుంచి కుక్కర్‌కి కూడా భయపడసాగింది. ఇంట్లో పప్పు ఉడకబెట్టడం కష్టమైపోయింది.

ఆ వేసవిలోనే కమ్మింగ్ నుంచి కబురొచ్చింది. అబ్బాయి ఇప్పుడే పెళ్ళి వద్దంటున్నాడట. నెల తిరక్కుండా నిశ్చితార్థం ఫోటోలు ఎవరి ద్వారానో నా ఫోన్‌లోకి వచ్చాయి. అమ్మాయి పాలమీగడలా ఉంది. లైటింగ్ గురించి ఎవరూ ఏమీ అడిగి ఉండరు. గరాజ్ మెట్టు మీద కూర్చుని ఏడిచాను. కాటుక వచ్చి నా పక్కన పడుకుంది. మూగజీవి, నా బాధ దానికి తెలిసిందనుకుని దాని మీద చెయ్యి వేశాను. కాసేపటికి చూస్తే నా కొత్త చెప్పుని సగం నమిలేసింది.

చెట్లు ఎర్రబడే వేళకి వేట సీజన్ వచ్చింది. కాటుక సిద్ధంగా లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఎవరం పైకి అనలేదు. బాబాయ్ కుక్కని పిలవడానికి కొత్త ఈల కొనుక్కున్నాడు. "అసలు బాతు కనపడితే లోపలున్న రక్తం మేలుకుంటుంది. దీని అమ్మా నాన్నా చాంపియన్లు," అని ఎవరో అడిగినట్టు పదే పదే అనేవాడు. నేను థర్మాస్ పట్టుకుని తోడు వెళ్ళాను. తెల్లవారుతుండగా చిత్తడి నేల చేరాం. పొగమంచు, రెల్లు గడ్డి, బూడిదరంగు నీళ్ళు. గడ్డం అంకుల్, ఆయన స్నేహితులు ఇద్దరు బాబాయ్‌ని చూసి ఎంత సంబరపడ్డారంటే, నాకే కళ్ళు చెమర్చాయి. గడ్డం అంకుల్ పక్కన ఒక గోధుమరంగు కుక్క కూర్చుని ఉంది. కూతురు ఊళ్ళో లేదనీ, ఇంట్లో వదిలితే సోఫా పాడుచేస్తుందనీ వెంట తెచ్చారట. దాని పేరు బిస్కట్. మా కాటుకకి స్వయానా తోబుట్టువు. సాక్సు తెచ్చిన పిల్ల.

బాతులు వచ్చాయి. గడ్డం అంకుల్ తుపాకీ పేలింది. ఒక బాతు గిరగిర తిరుగుతూ నీళ్ళలో పడింది.

ఆ క్షణంలో నా చేతిలోని తాడు నన్ను పట్టుకుని లాగింది. కాటుక బాతు వైపు కాదు, కార్ల వైపు, ఇంకా చెప్పాలంటే ట్రాయ్ వైపు పరుగు తీసింది. నేను బురదలో బోర్లా పడి, కొంత దూరం ఈడ్చుకుపోయి, తాడు వదిలేశాను. థర్మాస్ ఎటుపోయిందో తెలియదు. తలెత్తి చూస్తే అందరూ బాబాయ్ వైపు చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"ఐ విల్ గెట్ ఇట్," అన్నాడు బాబాయ్.

"బాబాయ్, మోకాలు!" అని అరిచాను. ఆయన అప్పటికే దిగిపోయాడు. నాలుగడుగులు బాగానే వేశాడు, కొల్లేటివాడిలాగే. ఆ తరవాత కాలు బురదలో దిగబడింది. లాక్కోబోతే మోకాలు మెలితిరిగింది. పక్కకి ఒరిగి, ఆ చల్లటి నీళ్ళలో పడిపోయాడు. రబ్బరు ప్యాంటు నిండా నీళ్ళు చేరాయి. గడ్డం అంకుల్, ఇంకొకాయన గబగబా దిగి ఆయన్ని చంకల కింద పట్టుకుని లాగుతుంటే, వాళ్ళ పక్కనుంచే బిస్కట్ ఈదుకుంటూ వెళ్ళింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. సోఫా కోసం తెచ్చిన కుక్క. బాతుని మెత్తగా నోట కరచుకుని, ఒక్క ఈక కూడా చెదరకుండా తెచ్చి, గట్టు మీద అందరి మధ్యా పెట్టి, ఒళ్ళు దులుపుకుంది. ఆ నీళ్ళన్నీ బాబాయ్ మొహం మీద పడ్డాయి.

"గుడ్ గర్ల్," అన్నాడు బాబాయ్ పళ్ళు టకటకలాడుతుంటే. ఆ మాట అనడానికి ఎంత పెద్ద మనసు కావాలో నాకు అప్పుడు తెలియలేదు.

కాటుక ఎవరిదో తెలియని ట్రక్కు కింద దొరికింది. ఇంటికి నేనే డ్రైవ్ చేశాను. బాబాయ్ పక్క సీట్లో దుప్పటి కప్పుకుని, వాచిన మోకాలు చాపుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో కాటుక. సగం దూరం వచ్చాక ఉండబట్టలేక, "ఆ రోజు ఎల్లోదాన్ని తీసుకుని ఉంటే బాగుండేది బాబాయ్," అన్నాను.

"నాకు ఆ రోజే తెలుసే," అన్నాడు.

"ఏంటి తెలుసు?"

"ఇది పనికి రాదని. గిన్నె పడ్డప్పుడు తోక ఎలా ముడిచిందో చూళ్ళేదూ? కొల్లేట్లో పెరిగాను, నీళ్ళలో దిగేదేదో దిగనిదేదో ఆమాత్రం గుర్తుపట్టలేనా?"

కారు పక్కకి తీసి ఆపేద్దామనిపించింది. "మరి చెప్పచ్చు కదా! ఎందుకు ఊరుకున్నావు?"

బాబాయ్ దుప్పటిని మెడ దాకా లాక్కున్నాడు. "నువ్వు దాన్ని కోటులో పెట్టుకుని 'ఇదే' అన్నావు. నీ మొహం చూశాను. 'వద్దమ్మా, ఇది వద్దు, ఇంకోటి చూద్దాం' అనాలి నేను. ఆ మాట ఎలా అంటానే నా నోటితో? అప్పటికే వారం వారం వింటున్నావు."

నాకు రోడ్డు కనపడలేదు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోగా వెనక సీట్లో కాటుక భళ్ళున కక్కింది. అద్దాలు దించుకుని, ఆ చలిలో, ముక్కులు మూసుకుని, ఇద్దరం నవ్వుతూ ఏడుస్తూ ఇల్లు చేరాం.

బాబాయ్ వేట అంతటితో ముగిసింది. మోకాలికి ఆపరేషన్ అయింది. గడ్డం అంకుల్ వాళ్ళు పిలవడం మానలేదు, ఈయనే వెళ్ళడం మానేశాడు. వెళ్ళి ఏం చెయ్యాలి, బిస్కట్ పనితనం చూసి చప్పట్లు కొట్టాలా? ఆ శీతాకాలమంతా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఆకాశంలో వరసకట్టి వెళ్ళే పక్షుల్ని చూస్తూ గడిపాడు. కాటుక ఆయన పాదాల మీద పడుకునేది. కాటుక ఇప్పటికీ ఉంది. ముసలిదైపోయింది, మూతంతా నెరిసింది. పిన్ని దాని గడ్డం నిమురుతూ, "ఇప్పుడు జర రంగు తేలిందే నీకు," అంటుంది. ఆవిడ మారిందా అంటే, ఏం చెప్పను? నల్లకుక్కని ఎవరైనా ఏమైనా అంటే మాత్రం ఊరుకోదు. (నా పెళ్ళి సంగతి అడుగుతారేమో. అయింది. మా ఆయన రంగు గురించి ఏమీ అడగలేదు. కుక్క కరుస్తుందా అని మాత్రం అడిగాడు.)

మొన్న మా ఇంట్లో చిన్న పార్టీ జరిగింది. కొత్తగా ఈ ఊరొచ్చిన ఒక జంట, పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, నా దగ్గరికి వచ్చారు. ఆ అబ్బాయి ఆఫీసు స్నేహితులతో వేట మొదలుపెట్టాడట. "అక్కా, మీకు లాబ్స్ గురించి బాగా తెలుసంట కదా. హంటింగ్‌కి ఏ కలర్ తీసుకుంటే బెటర్?" అని అడిగింది ఆ అమ్మాయి. ఇంత అనుభవం ఊరికే పోకూడదని నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. తల్లిదండ్రుల్ని నీళ్ళలో చూడమన్నాను, తుంటి గురించీ కళ్ళ గురించీ చెప్పాను, గిన్నె పడేసి చూడమన్నాను, సాక్సు విసిరి చూడమన్నాను. రంగు అసలు లెక్కలోకే తీసుకోవద్దన్నాను. అమ్మాయి పెద్ద కళ్ళతో, ఎంతో శ్రద్ధగా తలూపుతూ విన్నది. అంతా విని, "అంటే, చాక్లెట్ అయినా ఓకేనా అక్కా?" అంది.

ఆ అమ్మాయి చేతిలో ఫోన్ వెలుగుతోంది. తెర మీద చాక్లెట్ రంగు కుక్కపిల్ల ఒకటి, బుట్టలో ఒక మూలకి ఒదిగి, దిగులుగా చూస్తోంది. మిగతావన్నీ బయట ఆడుకుంటున్నాయి. ఆ అమ్మాయి బొటనవేలు తెర మీద ఆ పిల్ల తలని నిమురుతోంది, తనకే తెలియకుండా. కొట్టంలో తొట్టి పక్కన కోటు బొత్తాలు విప్పుకుని నిలబడ్డ ఒక మొండి పిల్ల నాకు గుర్తొచ్చింది. ఆ రోజు ఎవరెన్ని చెప్పినా ఆ పిల్ల వినేది కాదు. ఈ అమ్మాయికి చెప్పాలని కూడా నాకు అనిపించలేదు.

"పేరేం పెట్టారు?" అని అడిగాను.